తల్లి టేబుల్ మార్చాలంటే ఏమనాలి?

(కావలిలో ఇంజనీరింగ్ విద్యార్థులకు, డేటాబేస్ పనిలో ఉన్నవారికి ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ నుంచి టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక మాట అడుగుతాను. ఇక్కడ కందుకూరు వాళ్ళు ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి. ఒకరు, ఇద్దరు... అటు కిటికీ పక్కన ఇంకొకరు. మంచిది. ఈ రోజు మీ ఊరే నాకు ఉదాహరణ.

మీ తాతగారి కాలం నాటి దస్తావేజు ఇంట్లో ఉంటే తీసి చూడండి. 1970కి ముందుదైతే అందులో నెల్లూరు జిల్లా, కందుకూరు తాలూకా అని ఉంటుంది. 1970 ఫిబ్రవరి 2న నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల్లోంచి కొన్ని కొన్ని తాలూకాలు తీసి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. అలా కందుకూరు ప్రకాశంలోకి వెళ్ళింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మళ్ళీ విభజించినప్పుడు తిరిగి నెల్లూరులోకి వచ్చింది. మధ్యలో 52 ఏళ్ళు.

ఇప్పుడు చెప్పండి. ఆ రోజు కందుకూరులో ఏం కదిలింది? ఇల్లు కదిలిందా? పొలం గట్టు కదిలిందా? మామిడి చెట్టు పక్కకి జరిగిందా? ఏదీ కదల్లేదు. ఉన్నది ఉన్నచోటే ఉంది. మారింది ఒక్కటే: ఈ ఊరు ఎవరి కింద లెక్క అన్నది. కలెక్టరు గారు "నా జిల్లాలో మొత్తం సాగు ఎంత" అని అడిగితే, ఏప్రిల్ 3న కందుకూరు అంకె ప్రకాశం మొత్తంలో కలిసింది. ఏప్రిల్ 4న నెల్లూరు మొత్తంలో కలిసింది. అంతే.

డేటాబేస్‌లో ఈ పనే చేయాలంటే కమాండ్ ఏమని రాయాలి? ఈ రోజు మాట్లాడేది దాని గురించే. కమాండ్ ఎలా పనిచేస్తుందని కాదు, దానికి మాటలు ఎలా ఎంచాలని. మాటలే గదా, అందులో ఏముంది అనుకోవద్దు. ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. కమాండ్‌లో ఒక్క మాట తప్పుగా ఎంచితే, అర్ధరాత్రి నిద్రమత్తులో దాన్ని టైపు చేసేవాడి మీద పడుతుంది ఆ భారం.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సంగతి మీలో చాలామందికి తెలుసు. 1986లో బర్క్‌లీలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ గారి దగ్గర మొదలైన పని. ఒక టేబుల్ ఇంకో టేబుల్‌కి పిల్ల కావచ్చు అన్న ఆలోచన అందులో పాతకాలం నుంచీ ఉంది. క్రియేట్ టేబుల్ కందుకూరు, బ్రాకెట్లో కాలమ్‌లు, ఆ తర్వాత ఇన్‌హెరిట్స్, మళ్ళీ బ్రాకెట్లో ప్రకాశం_జిల్లా. ఇలా రాస్తే కందుకూరు టేబుల్‌కి తల్లి కాలమ్‌లన్నీ వస్తాయి. తల్లిని సెలెక్ట్ చేస్తే పిల్లల వరుసలు కూడా కలిసి వస్తాయి. పిల్లలు వద్దు, తల్లి ఒక్కటే కావాలంటే ఓన్లీ అని రాయాలి. 2001లో వచ్చిన 7.1 వెర్షన్‌కి ముందు ఇది తిరగేసి ఉండేది. పిల్లలు కావాలంటే టేబుల్ పేరు పక్కన నక్షత్రం గుర్తు (*) పెట్టాల్సి వచ్చేది. అది వేరే కథ.

సరే, పుట్టేటప్పుడు తల్లి ఎవరో చెప్పవచ్చు. పుట్టాక మార్చాలంటే? 8.1 వరకు దారి లేదు. అసలు లేదు.

అప్పుడు నేను చెన్నైలో ఒక కంపెనీలో పనిచేసేవాణ్ణి. రొయ్యల చెరువుల కొలతలు మా దగ్గరికి వచ్చేవి. నీటి ఉప్పదనం, ఆక్సిజన్, మేత ఎంత వేశారు, ఇవన్నీ. నెలకొక టేబుల్. నాకంటే ముందున్నవాళ్ళు వాటిని విడివిడిగా చేసి పెట్టారు, తల్లి లేకుండా. 2005 నవంబరులో 8.1 వచ్చింది. అందులో ఒక మంచి వసతి తెచ్చారు. పిల్ల టేబుళ్ళ మీద చెక్ నిబంధన, అంటే ప్రతి వరుసా పాటించి తీరాల్సిన షరతు, ఉంటే, ఈ ప్రశ్నకు ఏ పిల్ల పనికిరాదో డేటాబేస్ తానే తేల్చుకుని, ఆ టేబుల్‌ని తాకకుండా వదిలేస్తుంది. మాకు అది కావాలి. కానీ మా 14 టేబుళ్ళకు తల్లి లేదే! ఏం చేయాలి? తల్లిని చేసి, 14 కొత్త పిల్లలను పుట్టించి, పాత వరుసలన్నీ వాటిలోకి కాపీ చేసి, ఇండెక్సులు మళ్ళీ కట్టి, పాతవి తీసేయాలి. నాలుగు రాత్రులు పట్టింది. మూడో రాత్రి డిస్క్ నిండిపోయింది. మొదటి నుంచి మళ్ళీ. కందుకూరును నెల్లూరులో కలపడానికి ఊరంతా కూలగొట్టి, ఇటుక ఇటుక మోసుకొచ్చి, పక్కన మళ్ళీ కట్టినట్టు. ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే 2006 డిసెంబరులో 8.2 విడుదలై, ఆ పనికి ఒక కమాండ్ దొరికినప్పుడు నాకు కలిగిన ఆనందం మామూలుది కాదు.

ఇప్పుడు మీరే ఆ కమాండ్‌కి మాటలు ఎంచే చోట కూర్చున్నారనుకోండి. ఏమంటారు? గట్టిగా చెప్పండి. ... ఆ, యాడ్ ఇన్‌హెరిట్స్. ఎవరికైనా మొదట తట్టేది అదే. ఉన్న టేబుల్‌ని మార్చే కమాండ్ ఆల్టర్ టేబుల్. అందులో కాలమ్ చేర్చడానికి యాడ్ ఉంది, తీయడానికి డ్రాప్ ఉంది. కాబట్టి యాడ్ ఇన్‌హెరిట్స్, డ్రాప్ ఇన్‌హెరిట్స్. చక్కగా జతగా ఉన్నాయి. ఏం తప్పు?

నిదానంగా చూద్దాం. ఆల్టర్ టేబుల్ కందుకూరు యాడ్ కాలమ్ పంట టెక్స్ట్. ఇది మనకు తెలిసిన కమాండ్. ఇందులో కాలమ్ అన్న మాట రాయకపోయినా చెల్లుతుంది. యాడ్ పంట టెక్స్ట్ అంటే చాలు. పంట అన్నది కాలమ్ పేరు, టెక్స్ట్ దాని రకం. సరేనా?

ఇప్పుడు దాని పక్కనే ఇది రాస్తున్నాను: ఆల్టర్ టేబుల్ కందుకూరు యాడ్ ఇన్‌హెరిట్స్ నెల్లూరు_జిల్లా. పార్సర్, అంటే మన కమాండ్‌ని చదివి విడగొట్టే భాగం, దాని కళ్ళతో చదవండి. యాడ్ వచ్చింది. తర్వాత ఒక మాట. తర్వాత ఇంకో మాట. అంటే? ఇన్‌హెరిట్స్ అనే పేరుతో ఒక కాలమ్, దాని రకం నెల్లూరు_జిల్లా! ఇన్‌హెరిట్స్ అన్నది పోస్ట్‌గ్రెస్‌లో పూర్తిగా కట్టడి చేసిన కీవర్డ్, అంటే వేరే దేనికీ పేరుగా వాడనివ్వని మాట, కాదు. ఆ పేరుతో కాలమ్ పెట్టుకోవచ్చు. పోనీ, నెల్లూరు_జిల్లా అనే రకం లేదు కాబట్టి ఎర్రర్ అయినా వస్తుందా? రాదు. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి టేబుల్‌తో పాటు దాని పేరుతోనే ఒక రకం కూడా పుడుతుంది. అంటే ఈ వాక్యం ఇప్పటికే వ్యాకరణబద్ధం, అర్థవంతం. మనం అనుకున్న అర్థం మాత్రం కాదు. ఈ రోజు మీ కంప్యూటర్‌లో కొట్టి చూడండి. చప్పుడు లేకుండా ఒక కాలమ్ చేరుతుంది. ఎంత ప్రమాదమో చూశారా?

ఇన్‌హెరిట్స్‌ను కట్టడి చేసిన కీవర్డ్‌గా మార్చేస్తే పోతుంది గదా అని ఒకబ్బాయి అంటున్నాడు. చేయవచ్చు. కానీ ఎక్కడో ఎవరో తమ టేబుల్‌లో ఆ పేరుతో కాలమ్ పెట్టుకుని ఉంటారు. కొత్త వెర్షన్ వేసుకున్న రోజు వాళ్ళ ప్రోగ్రామ్ ఆగిపోతుంది. వాళ్ళు చేసిన తప్పేంది? మన సౌకర్యం కోసం ముక్కూమొహం తెలియనివాళ్ళ పని చెడగొట్టడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది. భాషలోంచి ఒక పేరును లాక్కోవడం చిన్న సంగతి కాదు.

ఇక్కడ మన తెలుగు వైపు ఒకసారి చూడాలి. "కందుకూరును ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలుపు." దీన్నే "నెల్లూరులో కలుపు కందుకూరును, ప్రకాశం నుంచి తీసి" అన్నా అర్థం అదే. ఎందుకని? ప్రతి పేరుకూ విభక్తి అంటుకుని ఉంది. -ను ఉన్నది కదిలేది, నుంచి ఉన్నది వదిలేది, -లో ఉన్నది చేరేది. పేరు ఎక్కడ కూర్చున్నా దాని పాత్ర దానితోనే ఉంటుంది. డేటాబేస్‌కి కమాండ్లు రాసే భాష ఎస్‌క్యూఎల్‌లో పేర్లకు విభక్తులు లేవు. అక్కడ స్థానమే విభక్తి. మధ్యలో వచ్చే కాలమ్, ఫ్రమ్, టు లాంటి చిన్న మాటలే విభక్తులు. యాడ్ తర్వాత కాలమ్ రాయకపోయినా పర్లేదు అని ఒకప్పుడు సడలింపు ఇచ్చారు చూశారా, అది విభక్తి తీసేసి మాట్లాడటమే. "రాముడు రావణుడు చంపాడు" అన్నట్టు. రెండే పేర్లు ఉన్నంతకాలం నెట్టుకొస్తాం. మూడోది వచ్చిన రోజు తెలుస్తుంది. ఆరు అక్షరాలు తక్కువ టైపు చేయడానికి ఇచ్చిన సడలింపు, ఏళ్ళ తర్వాత కొత్త కమాండ్‌కి అడ్డు నిలుస్తుంది.

సరే, యాడ్ సంగతి అయింది. డ్రాప్ మాటేంది? నా ఉద్దేశంలో అసలు సంగతి ఇదే. యాడ్‌కి ఉన్నది వ్యాకరణ చిక్కు. బ్రాకెట్లు పెట్టో ఇంకేదో చేసో తప్పించుకోవచ్చు. డ్రాప్‌కి ఉన్నది మనుషుల చిక్కు.

డ్రాప్ అంటే ఎస్‌క్యూఎల్‌లో ఏమిటి? డ్రాప్ టేబుల్ అంటే టేబుల్ పోయింది. డ్రాప్ కాలమ్ అంటే కాలమ్ పోయింది, అందులో రాసినదంతా పోయింది. తల్లి టేబుల్‌ని డ్రాప్ చేసి కాస్కేడ్ అంటే పిల్లలూ పోతారు, వాటిలోని వరుసలతో సహా. ఆ మాట చేతికి వస్తే గుండె ఝల్లుమనాలి, అనే తీరాలి. అది మంచి భయం. మరి కందుకూరును ప్రకాశం నుంచి విడదీసేటప్పుడు ఏమైనా పోతోందా? ఒక్క వరుస కూడా పోవడం లేదు. పోనిచోట పోయిందనే మాట ఎందుకు? ఆ పైన, డ్రాప్ ఇన్‌హెరిట్స్ అని రాసి తల్లి పేరు రాయడం మరిచి ఎంటర్ కొట్టాడనుకోండి. ఇన్‌హెరిట్స్ అనే కాలమ్ ఉంటే, అది పోతుంది.

అన్నదమ్ములు విడిపోతే మన ఊళ్ళల్లో ఏమంటారు? "వేరుపడ్డారు" అంటారు. ఎవరూ చనిపోలేదు, ఎవరి పొలమూ మాయం కాలేదు. వేరుపడ్డారు, అంతే. ఆ పనికి అలాంటి మాటే కావాలి.

8.2లో చివరికి వచ్చినవి ఇవి. కలపడానికి: ఆల్టర్ టేబుల్ కందుకూరు ఇన్‌హెరిట్ నెల్లూరు_జిల్లా. విడదీయడానికి: ఆల్టర్ టేబుల్ కందుకూరు నో ఇన్‌హెరిట్ ప్రకాశం_జిల్లా. యాడ్ లేదు, డ్రాప్ లేదు. కొత్తగా కట్టడి చేసిన కీవర్డ్ కూడా లేదు. నో అన్న మాట కొత్తది కాదు. వరుస నంబర్లు ఇచ్చే సీక్వెన్స్‌లో నో సైకిల్ అంటాం, నో మాక్స్‌వాల్యూ అంటాం. ఇంట్లో ఉన్న సామానుతోనే వంట చేసినట్టు.

ఒక్క అక్షరం తేడా గమనించారా? పుట్టేటప్పుడు ఇన్‌హెరిట్స్, ఎస్‌తో. మార్చేటప్పుడు ఇన్‌హెరిట్, ఎస్ లేకుండా. మొదటిది వర్ణన: ఈ టేబుల్ ఫలానా దాన్నుంచి పొందుతుంది. రెండోది ఆజ్ఞ: నువ్వు పొందు. తెలుగులో "పొందుతుంది", "పొందు" అని తేడా చేస్తాం గదా, అదే. కొత్తవాళ్ళు ఇక్కడ తడబడతారు, నేనూ చూశాను. అయినా ఆ తేడా న్యాయమైనదే అంటాను. క్రియేట్‌లో బ్రాకెట్లో ఎందరు తల్లులనైనా ఒకేసారి రాయవచ్చు. ఆల్టర్‌లో బ్రాకెట్ లేదు, ఒక్కో ఆజ్ఞకు ఒక్క తల్లే.

నో ఇన్‌హెరిట్ నాకు పూర్తిగా నచ్చిందా అంటే, లేదు. నో అన్నది స్థితిని చెప్పే మాట, చేసే పనిని చెప్పదు. పైగా 8.1లో రోల్స్, అంటే వాడేవాళ్ళ ఖాతాలు, వచ్చినప్పుడు వాటికి నోఇన్‌హెరిట్ అని కలిపి ఒకే మాటగా పెట్టారు. టేబుల్‌కి విడిగా రెండు మాటలు, రోల్‌కి కలిపి ఒక మాట. ఇది బాధించే సంగతే.

మరి నో ఇన్‌హెరిట్ తర్వాత తల్లి పేరు ఎందుకు రాయాలి? ఉన్న తల్లి దగ్గర్నుంచే గదా విడిపోయేది? మళ్ళీ కందుకూరుకే వద్దాం. 2022కి ముందు కందుకూరు ప్రకాశం జిల్లాలో ఉంది. కానీ లోక్‌సభకు ఓటు వేసేది ఎక్కడికి? నెల్లూరుకు! కందుకూరు అసెంబ్లీ స్థానం నెల్లూరు లోక్‌సభ కింద ఉంది. అంటే అప్పుడు ఈ టేబుల్‌కి ఇద్దరు తల్లులు: ప్రకాశం_జిల్లా, నెల్లూరు_లోక్‌సభ. పోస్ట్‌గ్రెస్ దీన్ని ఒప్పుకుంటుంది. ఇద్దరు తల్లులున్నప్పుడు ఉత్త "వేరుపడు" అంటే ఎవరి నుంచి? అందుకే పేరు తప్పనిసరి. దీనికి పక్కన పెట్టి చూడాల్సిన కమాండ్ ఇంకోటి ఉంది. 9.1లో టేబుల్‌ని ఒక రకానికి కట్టడానికి ఆఫ్, విప్పడానికి నాట్ ఆఫ్ అని వచ్చాయి. నాట్ ఆఫ్ తర్వాత పేరు రాయనక్కరలేదు. ఒక టేబుల్‌కి అలాంటి రకం ఒక్కటే ఉంటుంది కాబట్టి. చూడండి, ఎంతమంది ఉండవచ్చన్నదే వాక్యంలో ఎన్ని మాటలుండాలో తేలుస్తుంది.

లోపల ఏం జరుగుతుందో ఒక్కటి చూపిస్తాను. ఇద్దరు తల్లులకూ గ్రామం అనే కాలమ్ ఉందనుకోండి. కందుకూరులో గ్రామం ఒక్కటే కాలమ్. కానీ దాని పక్కన డేటాబేస్ ఒక లెక్క రాసుకుంటుంది: ఇది ఎందరు తల్లుల నుంచి వచ్చింది? 2. ఆ లెక్క సున్నా కానంతవరకు ఆ కాలమ్‌ని పిల్ల దగ్గర తీసేయనివ్వదు. ప్రకాశం నుంచి వేరుపడితే లెక్క 1. లోక్‌సభ నుంచి కూడా వేరుపడితే 0. అప్పుడు కాలమ్ పోతుందా? పోదు. సొంతమవుతుంది. ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం. వేరుపడినవాడు ఉత్త చేతులతో బయటికి రాడు.

కలిపేటప్పుడు మాత్రం గట్టిగా చూస్తుంది. మనం వారసత్వం అంటాం కానీ, ఇది దత్తతకు దగ్గర. ముందే పుట్టి పెరిగిన పిల్లను ఇంకో ఇంటికి ఇస్తున్నాం. కాబట్టి అన్నీ ముందే సరిపోవాలి. తల్లికున్న ప్రతి కాలమ్ అదే పేరుతో, అదే రకంతో పిల్లకు ఉండాలి. వరుస అటూ ఇటూ ఉన్నా పర్లేదు, పిల్లకు అదనంగా ఉన్నా పర్లేదు. తల్లికి నాట్ నల్, అంటే ఖాళీ వదలకూడదన్న నియమం, ఉంటే పిల్లకూ ఉండాలి. తల్లి చెక్ నిబంధనలు అదే పేరుతో, అదే అర్థంతో పిల్లకు ఉండాలి. ఏది తక్కువైనా, ఫలానాది లేదని చెప్పి ఆపేస్తుంది. లేని కాలమ్‌ని తానే చేర్చదు. ఎందుకు చేర్చకూడదు అని నాతో వాదించినవాళ్ళున్నారు. చేర్చకపోవడమే మంచిది. "కలుపు" అని చెప్పినప్పుడు కలపాలి, అడగని మార్పులు చేయకూడదు. అన్నీ ముందే సరిపోయాయి కాబట్టి వరుసలు చదవాల్సిన పని కూడా లేదు. కోటి వరుసలున్నా, ఆ టేబుల్‌ని ఇంకెవరూ పట్టుకుని ఉండకపోతే కంటిరెప్పపాటులో అయిపోతుంది. నా నాలుగు రాత్రుల పని!

ఒకటి మరిచిపోవద్దు. ఒకే విలువ రెండుసార్లు రాకుండా ఆపే ప్రైమరీ కీ, యూనిక్, ఇంకో టేబుల్‌తో ముడిపెట్టే ఫారిన్ కీ, ఇవి తల్లి నుంచి రావు. ఒకే సర్వే నంబరు రెండు పిల్ల టేబుళ్ళలో ఉన్నా తల్లి పట్టుకోలేదు.

తరలింపు మొత్తం ఒకే వాక్యంలో కూడా రాయవచ్చు: ఆల్టర్ టేబుల్ కందుకూరు నో ఇన్‌హెరిట్ ప్రకాశం_జిల్లా, కామా, ఇన్‌హెరిట్ నెల్లూరు_జిల్లా. ఏ జిల్లాకూ చెందని క్షణం అంటూ ఉండదు.

2017లో వెర్షన్ 10 వచ్చింది. అందులో పార్టిషన్లకు, అంటే ఒక పెద్ద టేబుల్‌ని హద్దులు గీసి పంచిన ముక్కలకు, వేరే కమాండ్లు పెట్టారు: అటాచ్ పార్టిషన్, డిటాచ్ పార్టిషన్. మాటలు వింటేనే తెలుస్తోంది గదా, తగిలించు, విడదీయి. డిటాచ్ అంటే ఏదో పోతుందన్న భయం లేదు, ఒక పని జరుగుతుందన్న స్పష్టత ఉంది. "వేరుపడు"కు ఇంతకంటే దగ్గరి మాట నాకు కనిపించలేదు.

ఇక్కడ ఇంకో మార్పు ఉంది. కర్త మారింది. ఇన్‌హెరిట్‌లో ఆల్టర్ టేబుల్ తర్వాత పిల్ల పేరు. అటాచ్‌లో ఆల్టర్ టేబుల్ తర్వాత తల్లి పేరు! ఎవరితో మాట్లాడుతున్నామన్నది తిరగబడింది. ఎందుకంటారు? పార్టిషన్‌లో పిల్లకు తల్లి ఒక్కతే. ఏ వరుస ఏ పిల్లకు వెళ్ళాలన్న నియమం తల్లి చేతిలో ఉంది. జూన్ 1 నుంచి జూలై 1 వరకు ఈ పిల్ల అని చెప్తున్నాం, జూలై 1 మాత్రం అందులో లేదు. హద్దులు గీసేది తల్లి. కాబట్టి తల్లితోనే మాట్లాడాలి. ఇన్‌హెరిట్‌లో నలుగురు తల్లులుండవచ్చు, సర్దుకునేది పిల్ల. కాబట్టి పిల్లతో మాట్లాడాలి. రెండూ సరైనవే. రెంటినీ ఒకే అచ్చులో పోయాలని చూస్తే ఒకటి అబద్ధమయ్యేది. అటాచ్‌లో మాత్రం వరుసలు హద్దులో ఉన్నాయో లేదో చదివి చూస్తుంది. ఆ హద్దునే చెక్ నిబంధనగా ముందే పెట్టి ఉంచితే చదవడం మానేస్తుంది. పెద్ద టేబుళ్ళున్నవాళ్ళు ఇది రాసుకోండి.

సమయం అయిపోతోందని సైగ చేస్తున్నారు. కింద ల్యాబ్‌లో నాలుగు టేబుళ్ళు చేసి ఉంచాను: కందుకూరు, ప్రకాశం_జిల్లా, నెల్లూరు_జిల్లా, నెల్లూరు_లోక్‌సభ. పేర్లు తెలుగులోనే పెట్టాను, పోస్ట్‌గ్రెస్ ఒప్పుకుంటుంది. పేరు 63 బైట్లు దాటకూడదు. తెలుగులో ఒక్కో అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు మూడేసి బైట్లు పోతాయి, కాబట్టి 21తో సరి. నెల్లూరు_జిల్లాలో నీటి_వనరు అనే కాలమ్ ఉంది. కందుకూరులో అది పెట్టలేదు, కావాలనే. ముందు ఇన్‌హెరిట్ కొట్టి, ఏమని ఆపుతుందో చదవండి. తర్వాత ఆ కాలమ్ చేర్చండి. చేర్చేటప్పుడు యాడ్ పక్కన కాలమ్ అన్న మాట తప్పకుండా రాయండి. కందుకూరు వాళ్ళు ముగ్గురూ ముందు రండి, మొదటి ఆజ్ఞ మీరే ఇవ్వాలి.